మిషన్‌కు బలం చాలకా? పంటికి పదును లేకా?

గత వేసవిలో ఒకనాటి రాత్రి కోనసీమ నుంచి మా బావగారు ఫోన్ చేశారు. కొబ్బరితోట గట్టు మీది పాత మామిడిచెట్టు ఈదురుగాలికి కూలిందట. దాన్ని ముక్కలు చేసి వంటచెరకుగా పేర్చుకోవాలని పని మొదలుపెట్టారు.

"ఏమోయ్, సైన్సు వ్యాసాలు రాస్తావు కదా, ఒక సంగతి చెప్పు. కిందటేడు కొన్న కోత మిషన్ ఉన్నట్టుండి కోయడం మానేసింది. ఒళ్ళు బరువంతా వేసి నొక్కితే గాని దుంగలోకి దిగడం లేదు. బార్ దగ్గర పొగ కూడా వస్తోంది. దీనికి బలం చాలదు, 58 సి.సి.ది, 22 అంగుళాల బార్ ఉన్నది తెచ్చుకొమ్మంటున్నారు. తెచ్చేయనా?"

"ఒక్క ప్రశ్న బావగారూ. కోసేటప్పుడు కింద రాలేవి చెక్క పేళికలా, పొట్టా?"

"పొట్టే. పిండిలా రాలుతోంది."

"అయితే కొత్తది కొనకండి. ఆదివారం నేను వస్తాను. అంతవరకు కోత మాత్రం ఆపండి."

గ్యాస్ పొయ్యిలు ఊరూరా వచ్చాయి. అయినా నీళ్ళు కాచుకొనే పొయ్యికి, పెళ్ళి వంటలకు, హిమాలయ ప్రాంతాల్లో చలికాలపు గది వెచ్చదనానికి కట్టెల అవసరం ఇంకా తీరలేదు. కట్టె కోసే కూలీ దొరకడం కష్టమైన కొద్దీ గొలుసు రంపం, అంటే చైన్‌సా, రైతు ఇళ్ళకు చేరుతోంది. దాన్ని కొనే వారిలో చాలామంది చూసేది రెండే: ఇంజను ఎంత పెద్దది, బార్ ఎంత పొడవు. అసలు కోసేది ఈ రెండూ కాదు. మరి ఏది కోస్తోంది? పేళికలు రాలడానికీ, పొట్టు రాలడానికీ తేడా ఏమిటి? అక్కణ్ణించి మొదలుపెడదాం.

పేరుకు రంపం, పనికి చిత్రిక

వడ్రంగి చేతిలో రంపాన్నీ, చిత్రికనూ మీరు చూసే ఉంటారు. రంపం పళ్ళు చెక్క నారలను గీరి, తెంపి, పొట్టుగా రాలుస్తాయి. చిత్రిక అలా కాదు. దాని బ్లేడు చెక్క కింద దూరి ఒక పొరను లేపుతుంది. ఆ పొర ఎంత మందంగా ఉండాలో నిర్ణయించేది చిత్రిక అడుగుభాగం. బ్లేడు ఆ అడుగుభాగం నుంచి ఎంత బయటికి వస్తే అంత మందం పొర లేస్తుంది.

గొలుసు రంపపు పన్ను ఈ చిత్రికకు తమ్ముడు. చైన్‌లోని ఒక్కో కోత పన్నును దగ్గరగా చూడండి. దానిలో రెండు భాగాలు కనిపిస్తాయి. వెనుక భాగం వంగిన అంచు గల కత్తి. ముందు భాగం చిన్న మూపురం లాంటిది. దీన్ని డెప్త్ గేజ్ అంటారు. ఇది కత్తి అంచు కన్నా సుమారు 0.65 మిల్లీమీటరు తక్కువ ఎత్తులో ఉంటుంది. మూపురం చెక్క మీద ఆనుతూ పోతుంటే, దాని వెనుకనే వచ్చే కత్తి ఆ 0.65 మి.మీ. మేరకు మాత్రమే చెక్కలోకి దిగి పేళికను లేపుతుంది. కుడివైపు కత్తి ఒకటి, ఎడమవైపు కత్తి ఒకటి వరసగా వస్తాయి కాబట్టి గాటు రెండువైపులా శుభ్రంగా తెగుతుంది.

ఇప్పుడు పొట్టు రహస్యం తెలిసినట్టే. కత్తి అంచు మొద్దుబారితే చెక్క కిందికి దూరలేదు. పైన రుద్దుతుంది. పేళిక లేవదు, పిండి రాలుతుంది. ఇంజను ఇచ్చిన శక్తి కోతకు బదులు ఘర్షణకు, ఘర్షణ వల్ల వేడికి ఖర్చవుతుంది. బార్ దగ్గర పొగ అందుకే. అలాంటి మొద్దు చైన్‌ను ఇంకా పెద్ద ఇంజనుకు తగిలిస్తే ఇంకా వేగంగా రుద్దుతుంది, అంతే.

పురుగు నేర్పిన పాఠం

ఈ పంటి ఆకారం పుట్టిన తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. తొలి గొలుసు రంపాల చైన్లకు మామూలు రంపపు పళ్ళ వంటివే ఉండేవి. అవి చెక్కను గీరేవి, త్వరగా మొద్దుబారేవి. మాటిమాటికీ సాన పట్టడంతోనే పనివారికి సగం పొద్దు గడిచేది. 1946లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ బ్యూఫోర్డ్ కాక్స్ అనే కలప పనివాడు వంటచెరకు కొడుతున్నాడు. మోడులో ఒక పెంకుపురుగు లార్వా ఆయన కంట పడింది. మనిషి చూపుడువేలంత ఉన్న ఆ పురుగు నారకు అడ్డంగానూ, నార వెంబడీ ఒకే తేలికతో చెక్కను తొలుచుకుంటూ పోతోంది. దాని దవడలు ఇంగ్లీషు "సి" అక్షరంలా వంగి ఉన్నాయి. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు నములుతూ ముందుకు సాగుతోంది.

కాక్స్ ఆ దవడలను ఉక్కులో పోతపోసినట్టు ఒక చైన్ తయారుచేశాడు. 1947లో అది అమ్మకానికి వచ్చింది. నేటి గొలుసు రంపాల చైన్లలో చాలా మటుకు ఆ నమూనా సంతతే. ఇంజను మారలేదు, పన్ను మారింది, కోత మారిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకుంటే కొనేటప్పుడూ, మెరుగుపరిచేటప్పుడూ పొరపాటు జరగదు.

సెకనుకు 450 కత్తులు

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇళ్ళలో వాడే రంపాల్లో ఎక్కువగా కనిపించే చైన్ పిచ్ 3/8 అంగుళం, లో ప్రొఫైల్ రకం. చైన్‌ను తిప్పే స్ప్రాకెట్‌కు 6 పళ్ళు అనుకుందాం. స్ప్రాకెట్ ఒక పన్ను తిరిగితే చైన్ రెండు పిచ్‌లు, అంటే ముప్పావు అంగుళం కదులుతుంది. ఒక పూర్తి చుట్టుకు నాలుగున్నర అంగుళాలు, దాదాపు 11.4 సెంటీమీటర్లు. ఇంజను నిమిషానికి 9,000 చుట్లు తిరిగితే చైన్ వేగం సెకనుకు 17 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లు దాటిన మాట! ఆ వేగంలో ఏ ఒక్క చోటు మీదుగానైనా సెకనుకు 450 కత్తులు దాటిపోతాయి.

ఈ లెక్క రెండు సంగతులు చెబుతుంది. మొదటిది: పదునున్న 450 కత్తులు పనిచేస్తుంటే మనం నొక్కవలసిన పని లేదు. రంపం తన బరువుతోనే దిగాలి. నొక్కవలసి వచ్చిందంటే చైన్ "నాకు పదును పెట్టు" అని అడుగుతున్నట్టు లెక్క. రెండోది: ఏదైనా తేడా జరిగితే మనిషి స్పందించడానికి కనీసం సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆ లోపల చైన్ 3 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. చైన్ మొత్తం పొడవు మీటరు, ఆ పైన కొంచెం. అంటే మన చెయ్యి కదిలేలోగా ప్రతి కత్తీ మూడుసార్లు తిరిగి వస్తుంది. అందుకే గొలుసు రంపం విషయంలో "చూసుకుంటాలే" అన్న మాట చెల్లదు.

ఎంత బార్? ఎంత ఇంజను?

కొనే ముందు దుకాణానికి కాదు, మీ కట్టెల కుప్ప దగ్గరికి వెళ్ళండి. టేపు పెట్టి దుంగల లావు కొలవండి. సరుగుడు, సుబాబుల్, తుమ్మ, జీడిమామిడి కొమ్మల వంటి వంటచెరకులో ఎక్కువ భాగం 12 అంగుళాలు దాటదు. దానికి 14 అంగుళాల బార్ సుఖంగా సరిపోతుంది. అప్పుడప్పుడు తగిలే లావు మాను కోసం 16 అంగుళాలు తీసుకోవచ్చు. బార్ కన్నా లావైన దుంగను రెండువైపుల నుంచి కోయవచ్చు. ఏడాదికి ఒకసారి వచ్చే పెద్ద మాను కోసం ఏడాది పొడవునా 22 అంగుళాల బార్ మోయడం, ఒక్కరోజు పెళ్ళి కోసం బస్సు కొనడం లాంటిది.

పొడుగు బార్‌తో నష్టం బరువొక్కటే కాదు. బార్ మొత్తం చెక్కలో మునిగినప్పుడు ఒకేసారి ఎక్కువ పళ్ళు కోతలో ఉంటాయి. ఇంజను బలాన్ని అవన్నీ పంచుకోవాలి. చిన్న ఇంజనుకు పెద్ద బార్ తగిలిస్తే వేగం పడిపోతుంది, క్లచ్ వేడెక్కుతుంది, నూనె చివరిదాకా అందదు. బార్ కొస మనిషికి దూరంగా, కంటికి ఆనకుండా ఉంటుంది. అక్కడే ప్రమాదం పొంచి ఉంటుందని ముందు చూస్తాం.

14 నుంచి 16 అంగుళాల బార్‌కు 35 నుంచి 45 సి.సి. పెట్రోలు ఇంజను, అంటే దాదాపు రెండు అశ్వశక్తుల బలం చాలు. కోత ఇంటి పెరట్లోనే అయితే విద్యుత్తుతో నడిచేది ఇంకా మేలు. పొగ లేదు, స్టార్టు చేయడానికి తాడు లాగే శ్రమ లేదు. అయితే 2,000 వాట్ల రంపం 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫ్యాను, లైటు పెట్టుకొనే 6 ఆంపియర్ల సాకెట్ దానికి పనికిరాదు. 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. 30 మీటర్ల దూరానికి 0.75 చదరపు మి.మీ. సన్నపు రాగితీగ వాడితే 12 వోల్టులు తీగలోనే పోతాయి, తీగ వేడెక్కుతుంది. 2.5 చ.మి.మీ. తీగలో ఆ నష్టం 4 వోల్టులు దాటదు. వాన తుంపరలో, తడి నేల మీద మాత్రం దాన్ని ముట్టుకోకూడదు. బ్యాటరీ రకాలకు తీగ బెడద లేదు గాని, లావు దుంగలు వరసగా కోస్తే ఛార్జి తొందరగా అయిపోతుంది.

పెట్రోలు ఇంజను కొన్నవారికి ఒక మాట. ఇది రెండు స్ట్రోకుల ఇంజను. నూనె పెట్రోలులోనే కలపాలి. పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. కొలపాత్రతోనే పోయండి. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్‌కు చేటు. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలినది ఇంజను ఆగేదాకా నడిపి ఉంచాలి.

గ్రైండర్‌కు తగిలించే రంపం

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి బావగారు మరో "ఉపాయం" చూపించారు. ఇనుము కోసే చేతి గ్రైండర్‌కు బిగించుకొనే బార్, చైన్ సెట్టు. సంతలో చవగ్గా దొరికిందట. "పెద్ద మిషన్ వద్దంటున్నావు కదా, దీనితో లాగించేస్తాను" అన్నారు.

దాన్ని పక్కన పెట్టించడానికి నాకు అరగంట పట్టింది. కారణాలు చెబుతాను. గ్రైండర్ల వేగం చాలావాటిలో నిమిషానికి 10,000 చుట్లు దాటుతుంది. అది బిళ్ళ తిప్పడానికి పెట్టిన వేగం, చైన్ కోసం లెక్కగట్టినది కాదు. గొలుసు రంపానికి ఉండే చైన్ బ్రేకు దీనికి లేదు. ముందుచేతికి అడ్డంగా ఉండే కవచం లేదు. చైన్ తెగితే దాన్ని ఆపే కొక్కెం లేదు. బార్‌కు నూనె దానంతట అది అందే ఏర్పాటు కూడా ఉండదు. చాలా గ్రైండర్ల స్విచ్చి వేలు తీసినా ఆరిపోదు. చేతిలోంచి జారినా చైన్ తిరుగుతూనే ఉంటుంది. సెకనుకు వందల కత్తులు దాటే యంత్రంలో ఇవన్నీ లేకపోతే మిగిలేది వేళ్ళ మీద పందెం మాత్రమే.

ఎదురుతన్ను

బార్ పైభాగంలో చైన్ మన నుంచి ముందుకు పరుగెత్తుతుంది. కొసన వంపు తిరిగి, అడుగు వెంట మన వైపు వస్తుంది. ఆ వంపులో పై పావుభాగం ఉంది చూడండి, ప్రమాదస్థానం అదే. అక్కడ పన్ను ముందుకు, కిందికి దూసుకుపోతుంటుంది. ఆ చోటు పక్క దుంగకో, కొమ్మకో తగిలితే పన్ను లోతుగా దిగి ఇరుక్కుంటుంది. చైన్ ఆగినా ఇంజను బలం ఆగదు. చర్యకు ప్రతిచర్య అన్న న్యూటన్ మూడో సూత్రం ప్రకారం బార్ మొత్తం పైకి, వెనక్కి, అంటే కోసే మనిషి ముఖం, మెడ వైపు తన్నుకు వస్తుంది. దీన్నే ఎదురుతన్ను అందాం. మనం స్పందించే వ్యవధి కన్నా ఇది ముందే జరిగిపోతుంది.

1970ల తొలి సంవత్సరాలలో వచ్చిన చైన్ బ్రేకు దీనికి విరుగుడు. ముందుచేతి కవచం మణికట్టుకు తగిలినా, కుదుపుకు తానే వాలినా, క్లచ్ డ్రమ్ము చుట్టూ ఉన్న ఉక్కు పట్టీ బిగిసి చైన్‌ను ఆపేస్తుంది. కొనేటప్పుడు దుకాణంలోనే అది పనిచేయించి చూడండి. బ్రేకు లేని రంపం ఎంత చవకైనా కొనవద్దు. మిగిలింది మన చేతుల్లో ఉంది: ఎడమచేతి బొటనవేలు పిడి కింది నుంచి చుట్టి పట్టాలి. భుజం ఎత్తు దాటి కోయకూడదు. కొసతో కోయకూడదు. రంపపు దారికి సూటిగా కాక కొంచెం పక్కగా నిలబడాలి.

రంపపు చప్పుడు 100 డెసిబెళ్ళు దాటుతుంది, చెవులకు రక్షణ తప్పదు. కంటికి అద్దాలు, కాళ్ళకు బూట్లు కావాలి. లుంగీ, కండువా పనికిరావు. కాళ్ళ ముందు కట్టుకొనే ప్రత్యేకమైన కవచాలు ఉన్నాయి. వాటి లోపలి పొడవాటి నారలు చైన్‌కు తగలగానే బయటికి లాగబడి స్ప్రాకెట్‌కు చుట్టుకొని చైన్‌ను ఆపేస్తాయి. రంపం కొనే డబ్బులోనే వీటికి వాటా ఉంచుకోవాలి.

మెరుగుపరచడం ఏ వరసలో?

ఉన్న రంపాన్ని మెరుగు చేయాలంటే ముందుగా కొనవలసింది గుండ్రటి ఆకురాయి. 3/8 లో ప్రొఫైల్ చైన్‌కు సాధారణంగా 4 మి.మీ.ది, 0.325 అంగుళాల పిచ్‌కు 4.8 మి.మీ.ది. మీ చైన్‌కు ఏదో పుస్తకంలో ఉంటుంది. దానితోపాటు కోణం చూపే గైడు తీసుకోండి.

ముందు ఇంజను ఆపి ప్లగ్గు తీగ ఊడదీయాలి. విద్యుత్తుదైతే ప్లగ్గు పీకేయాలి. చేతికి తొడుగులు వేసుకొని బార్‌ను కదలకుండా బిగించాలి. చాలా చైన్లకు కోణం 30 డిగ్రీలు. ఆకురాయిని పంటి లోపలి నుంచి బయటికి తోయాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తి తేవాలి. ఆకురాయి లావులో అయిదో వంతు పంటి పైఅంచు కన్నా పైకి కనిపించాలి. ఒక వైపు పళ్ళన్నీ అయ్యాక రెండో వైపు. ప్రతి పంటికీ లెక్క ప్రకారం అన్నే తోపులు వేయాలి. ఒక వైపు పళ్ళు పొట్టివైతే గాటు వంకర పోతుంది. మూడు నాలుగు సార్లు పదును పెట్టాక డెప్త్ గేజ్ ఎత్తు కొలపట్టీతో చూసి, మిగిలి ఉంటే చదును ఆకురాయితో తగ్గించాలి. "ఎక్కువ కోస్తుంది" అని దాన్ని అవసరం కన్నా దించేస్తే పన్ను మితిమీరి దిగుతుంది, రంపం ఎగురుతుంది, ఎదురుతన్ను పెరుగుతుంది. మెరుగు పేరుతో జరిగే పెద్ద పొరపాటు ఇదే.

రెండోది బిగువు, నూనె. చైన్ బార్ గాడిలోంచి వేలాడకూడదు. చేత్తో లాగితే కదలాలి. వేడికి ఉక్కు సాగుతుంది కాబట్టి పనిలో బిగించిన చైన్‌ను పని అయ్యాక కొంచెం వదులు చేయాలి. నూనె అందుతోందో లేదో తెలియాలంటే బార్ కొసను తెల్లకాగితానికి కాస్త ఎడంగా పెట్టి ఇంజను వేగం పెంచండి. కాగితం మీద నూనె చారలు పడాలి. వాడి పారేసిన ఇంజను నూనె పోయవద్దు. అందులోని లోహపు రజను బార్‌ను అరగదీస్తుంది, నూనె మట్టిలో కలుస్తుంది.

మూడోది చైన్ రకం. పంటి మూల చతురస్రంగా ఉంటే కోత వేగంగా ఉంటుంది గాని త్వరగా మొద్దుబారుతుంది. మూల కొంచెం గుండ్రంగా ఉంటే వేగం తగ్గినా పదును ఎక్కువసేపు నిలుస్తుంది. మట్టి, ఇసుక అంటిన దుంగలకు, చేవ గట్టిపడిన తుమ్మ వంటి కర్రకు, వెలుపలి భాగం ఇనుములా ఉండే కొబ్బరిమానుకు రెండో రకమే తగినది. కొత్త చైన్ కొనేటప్పుడు మూడు అంకెలు పాత చైన్‌తో సరిపోవాలి: పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల సంఖ్య. పొడుగు బార్, పెద్ద ఇంజను అన్నవి ఈ మూడూ అయ్యాక, అప్పటికీ చాలకపోతే ఆలోచించవలసినవి.

గొడ్డలిని అటక ఎక్కించకండి

చెక్క అంటే సన్నని గొట్టాల కట్ట. కట్టకు అడ్డంగా కోయడం కష్టం, దానికి రంపం కావాలి. నిలువునా చీల్చడం తేలిక, దానికి గొడ్డలి చాలు. కాబట్టి పొయ్యికి తగ్గ ముక్కలుగా రంపంతో కోసి, వాటిని గొడ్డలితో చీల్చుకోవాలి. చీల్చిన కట్టె త్వరగా ఆరుతుంది. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. ఒక కిలో నీటిని కాచి ఆవిరి చేయడానికే సుమారు 2,550 కిలోజౌళ్ళ వేడి ఖర్చవుతుంది. ఆ వేడి మన గిన్నెకు చేరదు, పొగ మాత్రం కంటికి చేరుతుంది. వాన తగలకుండా, గాలి ఆడేలా కొన్ని నెలలు పేర్చి ఉంచడం కన్నా చవకైన మెరుగుదల లేదు. కూలిన చెట్టు సరే, నిలబడ్డ చెట్టును మన పట్టాభూమిలోనైనా నరకాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. అటవీశాఖ వారిని ముందే అడగడం మంచిది.

ఇక మా బావగారి రంపం సంగతి. చైన్ చూస్తే జబ్బు వెంటనే తెలిసింది. దుంగ నేలమీదే పెట్టి కోయడంతో కొస మట్టిలోకి దిగింది. ఇసుక రేణువులు ఒక్క క్షణంలో పళ్ళ అంచులన్నీ కొట్టేశాయి. దుంగ కింద రెండు కొబ్బరి మొద్దులు పెట్టి ఎత్తు చేశాం. గట్టు మీద కూర్చొని 28 పళ్ళకు ఆకురాయి పెట్టాం. నాకు అలవాటు తక్కువ కాబట్టి ముప్పావుగంట పట్టింది. రంపం స్టార్టు చేసి మామిడి దుంగ మీద ఆనించారు. నొక్కలేదు. వెడల్పాటి తెల్లని పేళికలు ఆయన బూట్ల మీద కుప్పగా రాలాయి.

ఇంజను ఆపి, దోసిట్లోకి పేళికలు తీసుకొని చూస్తూ, "అయితే ఆ పెద్ద మిషన్ డబ్బులు మిగిలినట్టేనా?" అన్నారు.

"అందులో కొంత కాళ్ళ కవచానికీ, చెవి మూతలకూ పోతుంది బావగారూ" అన్నాను.

లోపల్నుంచి అక్కయ్య అంది: "ముందు ఆ గ్రైండర్ బార్ సంతలో తిరిగిచ్చి రమ్మను."